ఆకుపచ్చ సున్నాలు

గాజుపలక మీద తడిగుడ్డ పెట్టబోతుంటే కిటికీ అవతల నుంచి కేక.

"ఆగు నాయనా! అది తుడవకు."

తుడిచేవాడు తలెత్తాడు. ఒక ముసలామె ఊచలు పట్టుకుని ఆయాసపడుతోంది.

అది ఆకాశాన్ని ఫొటోలు తీసే ఆఫీసు. పాతకాలం ఫొటోలన్నీ గాజుపలకల మీదే ఉన్నాయి. ఇప్పుడు వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. మిషన్లో పెట్టే ముందు పలక వెనక ఉన్న సిరా గుర్తులు తుడవాలి. అదే అతని పని.

"ఎందుకు తుడవకూడదు పెద్దమ్మా?"

"ఆకుపచ్చ సున్నాలున్న పలకలు ఏడుంటాయి. తీసి మీ పెద్దసారుకి చూపించు."

"సున్నాలు చూపిస్తే నా ఉద్యోగానికే సున్నా చుడతారు."

ఇంతలో వాచ్‌మన్ వచ్చాడు.

"మళ్లీ వచ్చావా మామ్మా? లోపలి నుంచి చీటీ వస్తేగానీ పంపనన్నానా?"

"సారుతో ఒక్క మాట బాబూ."

"సారుకి పనితో ఊపిరాడటం లేదు. పుస్తకంలో రాసి వెళ్లు."

ఆమె గేటు పుస్తకంలో రాసింది. వెళ్లింది.

పైన హాల్లో రోజూ వాదనే. సూర్యుడి వెలుగు సరిగా అందనంత దూరంలో ఇంకో గ్రహం ఉందంటారు పెద్దసారు. లేదంటారు తక్కినవాళ్లు.

"ఉంటే ఒక్క ఫొటో చూపించండి" అంటారు.

పెద్దసారు దగ్గర లెక్కలున్నాయి. ఫొటో లేదు. ఇరవై ఏళ్లుగా లేదు. నెలాఖరులోగా చూపించకపోతే ఆ వెతుకులాట మూసేస్తారు.

ముసలామె పదకొండు రోజులు వచ్చింది.

"పాత ఉద్యోగం కోసమేమో, పాపం" అన్నాడు వాచ్‌మన్.

తుడిచేవాడికి మాత్రం మనసొప్పలేదు. ఆ ఏడు పలకలూ విడిగా పెట్టాడు. సూపర్‌వైజరు చూశాడు.

"ఇవేంటి?"

"ఎవరో మామ్మ తుడవొద్దంది సార్."

"నీకు జీతం మామ్మ ఇస్తోందా?"

తుడిచాడు. గుడ్డ ఆకుపచ్చగా అయింది.

పన్నెండో రోజు ఆమె రాలేదు. కిటికీ కింద మర్చిపోయిన గొడుగు కోసం ఆమె కూతురు వచ్చింది. అమ్మ పోయిందని చెప్పింది.

నెలాఖరు వచ్చింది. వెతుకులాట మూసేశారు. మర్నాడు పెద్దసారు తన పుస్తకాల కోసం వస్తే వాచ్‌మన్ తల గోక్కున్నాడు.

"ఏమనుకోకండి సారూ. ఇక మీరూ బయటివాళ్లే, రాయాలి."

పెద్దసారు గేటు పుస్తకం తిప్పారు. ఒకచోట ఆగిపోయారు. తుడిచేవాణ్ని పిలిపించారు.

"ఆ ఏడు పలకలూ ఏవి?"

"నలభై వేలున్నాయి సారూ. తుడిచాక అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

"మిషన్ పట్టుకోలేదా?"

"మరీ సన్నచుక్కల్ని అది దుమ్మని తీసేస్తుంది సారూ."

వాచ్‌మన్‌కి చదవడం రాదు. మెల్లగా అడిగాడు.

"ఏం రాసింది సారూ, మామ్మ?"

పెద్దసారు చదివారు.

"వచ్చినవారు: కొలతల గదిలో పాత ఉద్యోగిని, వచ్చిన పని: మీరు వెతుకుతున్న దారిలోనే కదిలే చుక్కని ఏడు పలకల మీద గుర్తుపెట్టాను, అప్పుడు దుమ్మన్నారు, మీరైనా చూడండి."