కోరం ఉంది

"కోరం ఉంది. వార్షిక సమావేశం ప్రారంభిస్తున్నాను" అన్నాడు అన్నయ్య, గది మొత్తానికీ వినపడేలా. గదిలో చెల్లెలు తప్ప మరో ప్రాణి లేదు.

"తొందరగా కానీ, నాకు బస్సుంది" అంది ఆమె.

"సభ్యులు అధ్యక్షుణ్ణి మీరు అనాలి."

"కానివ్వండి మహాప్రభో!"

కాగితాలు ఎగరకుండా వాటి మీద కిలో రాయి పెట్టాడు. నాన్న నడిపిన త్రాసుల కార్ఖానాలో మిగిలింది ఆ తూకపు రాళ్లే. అప్పులొస్తే కంపెనీ మీదే పడాలి గానీ పిల్లల కొంపలు మునగకూడదని, నాన్న పోయేముందు దాన్ని లిమిటెడ్ భాగస్వామ్య కంపెనీగా మార్చి ఇద్దరినీ భాగస్వాముల్ని చేశాడు. అంకెలు వెలిగే కాటాలు వచ్చాక దానికి పని లేకుండా పోయింది. వీధి గుమ్మం పక్కన బోర్డు మాత్రం ఉంది. రిజిస్టరైన ఆఫీసుకి బోర్డు ఉండి తీరాలట.

ఆ గదికి రెండు గుమ్మాలు. ఒకటి వీధిలోకి, రెండోది అన్నయ్య ఇంట్లోకి. ఆమె వీధి గుమ్మంలోంచే వచ్చి, వీధి గుమ్మంలోంచే పోతుంది.

అమ్మ చివరి రోజుల్లో అతను వేళకి కబురు చెయ్యలేదు. "తగ్గిపోతుందనుకున్నాను" అన్నాడు. ఆమె వచ్చేసరికి అంతా అయిపోయింది. "నీ ఇంటి గడప తొక్కను, పచ్చి మంచినీళ్లు ముట్టను" అని ఆమె అన్నది అన్నదే. అతనూ బతిమాలలేదు. వాళ్లు పట్టిన కుందేళ్లకు చెరో మూడే కాళ్లు. పైగా అప్పట్నుంచే అతనికి చట్టం పిచ్చి పట్టింది. ఏడాదికోసారి ఫోను చేసి "హాజరు కాకపోతే జరిమానా" అని చెప్పి పెట్టేసేవాడు.

వదిన లోపలి గుమ్మంలో నిలబడి టీ కప్పు చాపింది.

"నాకొద్దొదినా."

"అది ఇంటి టీ కాదు, సమావేశం ఖర్చు" అన్నాడతను తలెత్తకుండా.

ఆమె తాగింది. చక్కెర తక్కువగా, ఆమెకు నచ్చినట్టే ఉంది.

"తరవాతి అంశం, సభ్యుల ఆరోగ్యం. బీపీ ఎంత?"

"కంపెనీకెందుకది?"

"పని చేసే స్థితిలో ఉన్నారని రాయాలి. రూలు."

"కాస్త ఎక్కువే."

"మందులు వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నారు!"

శ్రద్ధగా రాసుకున్నాడు.

"ఇప్పుడు నా తీర్మానం. చేసే పని లేదు, పాడూ లేదు. మూసేద్దాం" అంది.

"మూసేయాలనేవారు చెయ్యెత్తండి." ఆమె ఎత్తింది. "వద్దనేవారు?" తనే ఎత్తాడు. "తీర్మానం వీగిపోయింది."

"పోనీ నా పేరు తీసెయ్."

"ఇద్దరుంటేనే కంపెనీ. ఒక్కరితో చెల్లదు."

ఆమెకు ఒళ్లు మండింది. పైకి జరిమానా భయమే గానీ, "తప్పయిపోయింది చెల్లీ" అని ఒక్క మాట వింటానేమోననే ఏటా వస్తోంది. ఈ మనిషి చూస్తే చట్టం తప్ప మాట్లాడడు.

"చివరి అంశం, ఇతర విషయాలు." అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. కళ్లజోడు తీసి తుడిచాడు. ఆమె ఊపిరి బిగబట్టింది.

"ఇంకేం లేవు. సమావేశం ముగిసింది."

ఏటా ఇదే తంతు.

మరుసటి ఏడాది ఫోను వదిన నుంచి వచ్చింది. నిద్రలోనే పోయాడట. పడుతూ లేస్తూ వచ్చిన చెల్లెలు గడప దగ్గరే ఆగిపోయింది. అతన్ని బయటికి తెచ్చేదాకా వీధిలోనే నిలబడి ఏడ్చింది. అంత దుఃఖంలోనూ పాడు పంతం కాళ్లకు అడ్డం పడింది.

నెల తిరక్కుండా ఆడిటరు ఆమెను ఆ గదికే రమ్మన్నాడు. నాన్న కాలం నుంచీ కంపెనీ లెక్కలు దాఖలు చేస్తున్న పెద్దాయన. కిలో రాయి బల్ల మీదే ఉంది. వదిన అడక్కుండానే చక్కెర తక్కువ టీ పెట్టి వెళ్లింది.

"ఇద్దరు భాగస్వాములు తప్పనిసరమ్మా. మీ వదినగారినైనా చేర్చుకోండి, లేదా మూసేయండి."

"మూసేయండి. ఎన్నేళ్లుగా చెయ్యెత్తుతున్నానో!" అంది. "అన్నయ్యకి నాకంటే రూలే ఎక్కువండీ. జరిమానా పేరు చెప్పి ఏటా మీటింగుకి లాక్కొచ్చాడే గానీ, చెల్లెలు కదా అని ఒక్కనాడు మనసు విప్పలేదు."

"మీటింగా?" ఆడిటరు కలం ఆగిపోయింది.

"అదేనండీ, చట్టం ప్రకారం ఏడాదికోసారి పెట్టాలిగా."

ఆడిటరు కాసేపు ఖాళీ కుర్చీకేసి చూశాడు.

"ఇలాంటి భాగస్వామ్య కంపెనీలకి మీటింగు అక్కర్లేదని, మీ అమ్మగారు పోయిన ఏడే ఆయనకి చెప్పానమ్మా."