తనిఖీ నివేదిక

"అక్కడ అణుబాంబు లేదని రాసిచ్చాను కదండీ! ఇంకా ఈ దాడికి సన్నాహాలు దేనికి?" అని అణు తనిఖీ అధికారి సేనాపతిని నిలదీశాడు. ఆ పరాయి దేశపు కర్మాగారంలో తనకు ప్రతి గదీ తెరిచి చూపిన నాలుగువందల మంది పనివాళ్ళు ఆయన కళ్ళముందు మెదిలారు.

"మీ నివేదిక చూశాకే మాకు ధైర్యం వచ్చింది, సైంటిస్టు గారూ."

"ధైర్యమా?"

"మరి? ఆ దేశంవాడి దగ్గర బాంబే ఉంటే తిరిగి మన నెత్తిన వెయ్యడూ? వాడి పక్క దేశంవాడి దగ్గర ఉందని లోకమంతటికీ తెలుసు. వాడి జోలికి ఏనాడైనా వెళ్ళామా?" అంటూ సేనాపతి బిస్కెట్టు టీలో ముంచాడు.

అధికారికి అప్పుడు అర్థమైంది. బాంబు లేదని తాను నిజాయితీగా తేల్చిన ప్రతి చోటూ వీళ్ళు నిర్భయంగా కొట్టదగిన చోటన్నమాట.

"నా నివేదిక ఇలా ఇవ్వండి," అన్నాడు, జీవితంలో ఎన్నడూ అబద్ధం రాయని ఆ మనిషి. "ఉందని రాస్తాను."