డ్రైవరు సీటు

"సీటు పట్టడం లేదు" అన్నాడు భర్త.

బల్ల మీద ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన ఎర్ర రైలింజను ఉంది. చక్రాలు, పొగగొట్టం, డ్రైవరు గది, దాని పైకప్పు అన్నీ కుదిరాయి. ఇక మిగిలింది గోరంత నల్ల సీటు ఒక్కటే. అది కప్పు కింద, డ్రైవరు గదిలో కూర్చోవాలి. కిటికీలోంచి పెడదామంటే ఆయన వేలు సగం కూడా దూరడం లేదు.

గోడవారగా కూర్చున్న భార్య ఊపిరి బిగబట్టి చూస్తోంది. సాయం చెయ్యకూడదు, నోరు మెదపకూడదు. పెద్ద డాక్టరు ముందే గట్టిగా చెప్పాడు.

మెదడులో నరం చిట్లి ఆయన ఈ ఆసుపత్రిలో పడి ఆర్నెల్లయింది. పెళ్ళి గుర్తుంది, పెళ్ళాం గుర్తుంది. ఆ తర్వాత జరిగినదంతా పలక తుడిచినట్టు తుడుచుకుపోయింది. పొద్దున ఆమె పనికి వెళ్తే సాయంత్రం దాకా ఇంట్లో ఆయన ఒక్కడే ఉండాలి. ఉండగలడని తేలితే ఇంటికి. లేదంటే ఊరి చివర సంరక్షణ కేంద్రానికి. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చిన దాఖలా లేదు.

అది తేల్చడానికే ఈ పరీక్ష. పెట్టెతో వచ్చే పుస్తకంలో బొమ్మలు చూసుకుంటూ, ఎవరూ చెప్పకుండా, ఒక వస్తువు మొత్తం కట్టి చూపించాలి. "ఇంట్లో ఇలాంటి కట్టే బొమ్మ ఏదైనా ఉంటే తెండక్కా. మా దగ్గరున్నవన్నీ అరిగిపోయాయి" అంది థెరపీ అమ్మాయి. భార్య మనసులో ఏ మూలో చిన్న ఆశతో అటకెక్కి, ఈ పెట్టె దించి, దుమ్ము దులిపి తెచ్చింది.

ముందు ట్యాబ్‌లో కట్టించారు. బొమ్మలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో ఇదే ఇంజను దొరికింది. ముక్కని వేలితో లాగి వదిలితే చాలు, దాని చోట్లో అది అతుక్కుంటుంది. సీటైతే కప్పులోంచి దయ్యంలా దూరిపోయి లోపల కూర్చుంది. వెన్నతో పెట్టిన విద్యలా చకచకా ముగించేశాడు ఆయన. థెరపీ అమ్మాయి చప్పట్లు కొట్టింది. భార్య ఆ పూటే ఇంటికెళ్ళి ఆయన మంచం మీద కొత్త దుప్పటి పరిచింది.

డాక్టరు మాత్రం పెదవి విరిచాడు. "తెర మీద గడియ తీస్తే ఇంటి తలుపు తెరుచుకోదమ్మా. చేత్తో కట్టమనండి, చూద్దాం."

చేత్తో కట్టడం ఇదిగో, ఇలా తగలడింది.

"దీని దుంపతెగ! కప్పు పెట్టాక సీటు పెట్టమంటాడేంటి? ఇది గీసినవాడు జన్మలో ఒక్కసారైనా చేత్తో కట్టి చూశాడా?" భర్త పుస్తకాన్ని బల్లకేసి కొట్టాడు.

మాట అన్యాయం కాదు. తప్పు పుస్తకంలోనే ఉంది. సీటు ముందు, కప్పు తర్వాత రావాలి. అయితేనేం, కప్పు ఊడదీసి, సీటు పెట్టి, మళ్ళీ మూస్తే అయిపోయే పని. 'విప్పండి, కప్పు విప్పండి' అని అరవబోయి భార్య పమిట నోట్లో కుక్కుకుంది.

ఆయన కిటికీని వదిలేసి కాసేపు కప్పు వైపే చూశాడు. చెయ్యి నెమ్మదిగా దాని మీదికి వెళ్ళింది. ఆమె కళ్ళు మెరిశాయి.

ఆయన సీటుని తీసి కప్పు మీద పెట్టాడు. ట్యాబ్‌ మీద చేసినట్టే వేలితో మెల్లగా నొక్కి వదిలాడు. అది లోపలికి దిగుతుందని పసివాడిలా ఎదురుచూశాడు.

దిగలేదు. ఇంకోసారి నొక్కాడు. ఆ తర్వాత ఇంజను ఎగిరి నేల మీద పడి ముక్కచెక్కలైంది.

"గీసినవాడిదే తప్పు, కాదనను" అన్నాడు డాక్టరు, ఆమె మొహం చూడలేక కాగితాలు సర్దుకుంటూ. "కానీ అడ్డమొచ్చినప్పుడు ఒకడుగు వెనక్కేసి విప్పుకోవడం తెలియాలి. రేపు పొయ్యి దగ్గర తెలియకపోతే ఏంటి గతి? సోమవారం కేంద్రం నుంచి బండి వస్తుందమ్మా."

కాళ్ళావేళ్ళా పడ్డా లాభం లేదని ఆమెకి తెలుసు. నేల మీద కూలబడి ముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

"ఇంటికెళ్దామా?" అన్నాడు భర్త, కోపమంతా మర్చిపోయి.

"వెళ్దామండీ" అని అబద్ధం చెప్పింది ఆమె. ఆయన సంబరంగా చెప్పులు వెతుక్కోసాగాడు.

థెరపీ అమ్మాయి కూడా పక్కన చేరి ముక్కలు ఏరుతోంది. ఏడుపు ఆపుకోలేకపోయింది. "వాడెవడో గానీ, వాడి చేతులు పడిపోను! కంప్యూటర్ ముందు కూర్చుని చల్లగా గీసి పారేశాడు. ఇక్కడ ఆయన బతుకు బుగ్గిపాలైంది. బజార్లో ఇన్ని బొమ్మలుండగా, పోయి పోయి ఇదే ఎందుకు కొన్నావక్కా?"

భార్య నల్ల సీటుని పెట్టెలో వేసి మూత పెట్టింది.

"కొన్లేదమ్మా, ఆయన గీసిన మొట్టమొదటి బొమ్మ ఇదేనని కంపెనీవాళ్ళు మొదటి పెట్టె ఆయన చేతికే ఇచ్చారు."