కొంగల అభ్యంతరం

ఏటా దూరాన్నుంచి కొంగలు వచ్చి గూళ్ళు పెట్టే ఆ ఊళ్ళో కొత్తగా గోడ లేపాలంటే కొంగల్నీ అడగాలి. వాటి కూతలు విని మన మాటల్లో చెప్పే పెట్టె పంచాయతీ ఆఫీసులో ఉంది. పెళ్ళయిన కూతురు పురుటికొస్తే ఉండడానికి ఒక గది వేసుకుంటానని ఎర్నమ్మ ఏటా అర్జీ పెడుతూనే ఉంది. "గూళ్ళలో పిల్లలున్నాయి, చప్పుడు వద్దు" అని పెట్టె ఏటా అడ్డుపడుతూనే ఉంది.

పోయినేడు ఎర్నమ్మకి ఒళ్ళు మండిపోయింది. "పురుటికొచ్చిన ఆడపిల్లలని ఊరంతా మిమ్మల్ని నెత్తినెట్టుకుంటే, నా పిల్లకే చోటు లేకుండా చేస్తారా? మీ నోళ్ళు పడిపోను" అని తిట్టిపోసింది.

ఈ ఏడు ఆఫీసరు పెట్టె నొక్కితే ఎంతసేపటికీ ఉలుకూ పలుకూ లేదు. కిటికీలోంచి చూస్తే చింతచెట్లన్నీ ఖాళీ. వానలు మొదలై నెలయినా ఒక్క కొంగా దిగలేదు.

"అభ్యంతరం చెప్పేవాళ్ళు లేరమ్మా. గది కట్టుకో" అంటూ ఆఫీసరు ముద్ర వెయ్యబోయాడు.

ఎర్నమ్మ కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకొన్నాళ్ళు చూడండి బాబూ. పుట్టింటికొచ్చే పిల్లలు, దారిలో ఆలస్యమై ఉంటాది."