మేకలు రెండు

ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఆ శనివారం కూడా నవ్వలేదు.

కోటేష్ మైకు పట్టుకుని వాళ్ల నాయన దస్రు మేకను బస్సెక్కించిన కథ మళ్లీ చెబుతున్నాడు. కండక్టర్ మేకకు టికెట్ తీసుకోమన్నాడు.

"ఇది ఆడది సార్. ఆడోళ్లకు ఫ్రీయే గదా" అన్నాడు దస్రు.

"అయితే ఆధార్ కార్డు చూపియ్."

"ఉండె సార్. పొద్దుగాల అదే తిన్నది."

గదంతా నవ్వింది. పెద్దాయన పెదాలు మాత్రం మెల్లగా కదిలాయి, కోటేష్ మాటలనే మళ్లీ తనలో తాను అనుకుంటున్నట్టు.

అది భద్రాచలంలో వంతెన దగ్గర దీపిక నడిపే టీ దుకాణం. శనివారం సాయంత్రాలు మేడ మీది గదిలో ఓపెన్ మైక్ పెడుతుంది. ఎవరైనా వచ్చి జోకులు చెప్పొచ్చు. షరతు ఒకటే. చెప్పేవాడు తన తరఫున వినే మనిషిని ఒకరిని తెచ్చుకోవాలి. దీపిక మెట్ల దగ్గర నిలబడి, వినడానికి వచ్చేవాళ్లను "ఎవరి తరఫున?" అని అడిగి పైకి పంపుతుంది. ఖాళీ కుర్చీలకు జోకులు చెప్పిస్తే టీ ఎవరు తాగుతారు?

కోటేష్ ఎవరినీ తెచ్చుకోలేడు. పగలంతా పిచ్చయ్య ఎరువుల దుకాణంలో కౌంటర్ వెనక నిలబడతాడు. అతని జోకులు సగం పిచ్చయ్య మీద, సగం నాయన మీద. దుకాణంలో తెలిస్తే కొలువు పోతుంది. పినపాక దగ్గరి తండాలో తెలిస్తే ఇంటి గడప తొక్కలేడు. అమ్మ బాలి ఫోనులో నవ్వుతూ చెప్పిన ఇంటి ముచ్చట్లనే అతను ఇక్కడ అమ్ముకుంటున్నాడు మరి. ఎవరిని పిలిచినా నష్టమే.

మొదటి వారమే ఆ సంగతి దీపికకు చెప్పాడు. ఆమె చూద్దాం అని ఊరుకుంది. తర్వాత ప్రతి శనివారం అతని పేరు పిలిచింది. సరుకు బాగుంది కాబట్టి తన వరకు షరతు సడలించిందని కోటేష్ లెక్క వేసుకున్నాడు.

ఆ లెక్కలో ఇమడనిది ఈ పెద్దాయన ఒక్కడే. నవ్వడు. పెదాలు కదుపుతాడు. ఈ పనిలో అలాంటివాణ్ని చూస్తే ఎవరికైనా ఒకటే అనుమానం. జోకులు కంఠతా పట్టి ఇంకో ఊళ్లో తనవిగా చెప్పుకుంటాడు. వచ్చే శనివారం ఖమ్మం నుంచి కామెడీ ప్రోగ్రాంలు పెట్టే శ్రీనివాస్ వస్తున్నాడు, అక్కడి పెద్ద ప్రోగ్రాంకు ఒకరిని ఎంచుకోవడానికి. కౌంటర్ వెనక నుంచి బయటపడడానికి కోటేష్‌కు కనిపిస్తున్న తలుపు అదొక్కటే. మేక జోకు అతనికన్నా ముందు ఖమ్మం చేరితే ఆ తలుపూ మూసుకుంటుంది.

"పెద్దాయనా, మంత్రం చదువుతున్నవా, నా జోకులు మూట కడుతున్నవా?" అన్నాడు మైకులోనే.

జనం నవ్వారు. కోటేష్‌కు ఊపు వచ్చింది.

"మా దుకాణంల దొంగలు యూరియా బస్తాలెత్తుకపోతరు. ఈయన జూడుండ్రి, ఉత్త చేతులతోని వచ్చి నోటినిండ ఎత్తుకపోతున్నడు."

గది ఊగిపోయింది. పెద్దాయన లేచి, భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. ముఖంలో కోపం లేదు.

"మేకలు రెండు బాబు. ఒకటి కాదు" అన్నాడు.

ఆ సాయంత్రం అన్నిటికన్నా పెద్ద నవ్వు ఆ మాటకే వచ్చింది. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తర్వాతి శనివారం కోటేష్ పిచ్చయ్యకు దవాఖానా పేరు చెప్పి తొందరగా బయటపడ్డాడు. శ్రీనివాస్ ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. ఒక్కొక్కరి పేరూ పిలిచారు. కోటేష్ పేరు రాలేదు. అతను మెట్ల దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నన్ను మర్చిపోయినవ్."

"మర్చిపోలేదు. నీ తరఫున ఎవరూ రాలేదు" అంది దీపిక.

"ఎన్నడొచ్చిండ్రు నా తరఫున?"

"వారం వారం వచ్చాడుగా బొజ్జయ్య. పోయినసారి నువ్వు దొంగను చేశావే, ఆయనే."

కోటేష్ మెట్టు మీద ఆగిపోయాడు. ఈ ఒక్కరోజు చూడమని బతిమాలాడు. ఒకరికి సడలిస్తే రేపటి నుంచి ఎవరూ మనిషిని తేరని, అందరూ తమవాళ్లను తెచ్చుకున్నారని ఆమె చెప్పింది. న్యాయమైన మాటే. వ్యాపారం చేసేచోట ఉండేవాడు కనుక అది అతనికీ తెలుసు. పైన చప్పట్లు మోగుతున్నాయి. కింద రోడ్డు చివర దూరంగా పిచ్చయ్య దుకాణం బోర్డు కనిపిస్తోంది. ఎటూ కదలలేక గోడకు ఆనుకున్నాడు.

"ఆయన నాకేమైతడు అక్కా? నవ్వనోడు నా పేరెందుకు జెప్పిండు?"

చెప్పొద్దని బొజ్జయ్య ఆమె దగ్గర మాట తీసుకున్నాడట. ఇక దాచి లాభం లేదనుకుంది దీపిక.

"ఆయనది మీ తండా పక్క ఊరే. చింతపండు అమ్మడానికి వస్తాడు. చిన్నప్పుడే హాస్టల్‌కు వచ్చేశావు, నువ్వు గుర్తుపట్టలేదు. నువ్వొచ్చిన మొదటి శనివారమే ఇక్కడ టీ తాగుతూ, మైకులో నీ మాటలు విని మీ నాయనకు చెప్పాడు. తను వచ్చి కూర్చుంటే నీకు నోరు పెగలదని మీ నాయన అప్పటి నుంచి ఈయన్నే పంపుతున్నాడు. మేకలు రెండని చెప్పమన్నదీ మీ నాయనేనట."

కోటేష్ మెట్టు మీద కూర్చున్నాడు.

"ఒక్కసారైనా నవ్వవేంది అని నేనే అడిగాను. మధ్యల నవ్వితే మాట మర్చిపోత బిడ్డా, తండాకు పోయి చెప్తే దస్రు నవ్వుటానికి సగమే మిగుల్తది అన్నాడు."