ఒడిబియ్యానికి పిలుపు

ఇరవై ఏళ్ల హోమ్ లోన్ ఎనిమిదేళ్లకే తీర్చేశాను. మల్లాపూర్‌లో డ్యూటీకి నడిచే వెళ్లాను. బంధువుల పెళ్లిళ్లకు పోలేదు. "అమ్మకు మోకాళ్లు పట్టేసినయి, అడుగు తీసి అడుగు వెయ్యలేదు. ఇడిసిపెట్టి ఎట్ల వస్తం?" అని ఫోన్‌లో చెప్పేవాణ్ణి. బస్సు చార్జీలు, చదివింపులు మిగిలేవి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఎప్పుడూ నా జేబులోనే ఉండేది, అమ్మ చేతికి ఇచ్చేవాణ్ణి కాదు.

చీర పెట్టాల్సి వస్తుందని చెల్లెలు నాగమణిని, ఆడబిడ్డకు పుట్టింట్లో ఒడి నింపే ఒడిబియ్యానికి కూడా పిలవలేదు. పిలవని పుట్టింటికి అదీ రాలేదు.

బ్యాంకు ఇంటి కాగితాలు ఇచ్చిన వారమే పిలిచాను. చిల్కానగర్‌లో మా గేటు ముందు ఆటో ఆగింది. నాగమణి దిగి, లోపలి నుంచి కొత్త చక్రాల కుర్చీ దించింది.

"అమ్మకే అన్నా. చాయ్ గూడ బందు వెట్టి చిట్టీ కట్టిన. ఇంటి అప్పుల మునిగి ఉంటివి, నిన్నెట్ల అడుగుత?"



ఇంతలో వీధి నల్లా దగ్గర్నుంచి అమ్మ, నిండు బిందె చంకన పెట్టుకుని గబగబా వచ్చింది. కుర్చీని చూసి ఆగిపోయింది.

"పాపం, ఎవలికి బిడ్డా నడువస్తలేదు?"