గుహ ఆట

వీడియో గేములు పాఠాలకు పనికొస్తాయో లేదో తేల్చడానికి వచ్చిన విద్యాశాఖ అధికారి వెనక బెంచీలో సర్దుకుని కూర్చున్నాడు. తెర మీద గుహ ఆట నడుస్తోంది. మిగతా బడి అంతా క్రీడాపోటీలకని పక్కవీధి మైదానానికి పోయింది. మేడ మీద ఈ ఒక్క తరగతే మిగిలింది.

సోషల్ టీచరుకి ఆ ఆటంటేనే ఒళ్లుమంట. భూగోళం చెప్పాల్సింది పోయి బొమ్మలు ఆడిస్తారా అని హెడ్మాస్టరుతో పోట్లాడింది కూడా.

"దీనివల్ల పిల్లలకి ఒరిగేదేంటమ్మా?" అన్నాడు అధికారి.

"కళ్లు పాడవడం తప్ప ఏముంది సార్?" అని విసుక్కుంటూ, సుద్దముక్క తెస్తానని బయటికి వెళ్లింది.

వెళ్లినంత వేగంగా తిరిగొచ్చింది. తలుపు మూసి దానికి వీపు ఆనించింది. అరచేతులు చీరకి తుడుచుకుంది.

"పిల్లలూ, చూసింది చాలు. గుహ ఆట మనమే ఆడదాం."

గది హోరెత్తిపోయింది.

"గుహలో ఎలా నడవాలి?"

"గప్‌చుప్‌గా! ముందువాళ్ల చొక్కా పట్టుకుని!"

"గబ్బిలాలొస్తే?"

"వంగిపోవాలి! గబ్బుకి ముక్కు మూసుకోవాలి!"

"ఊఁ, లేవండి. వెనక తలుపు తీసి, మెట్ల మీంచి పెరట్లోకి. ఆగినవాళ్లు అవుట్."

"నా మూల్యాంకనం ఇంకా..." అన్నాడు అధికారి.

"మీరూ ఆడాలి సార్. పిచ్చుక వెనక నిలబడండి."

పిచ్చుక ఆ తరగతిలో అందరికంటే బుల్లిపిల్ల. టీచరు గొంతు విని ఆయన లేచాడు. బొజ్జ మోసుకుంటూ వంగి, ఆ పిల్ల వెనకే నడిచాడు.

మెట్లు మరీ ఇరుకు. ఒకరి వెనక ఒకరు దిగాల్సిందే. మధ్యలో ఒకడు ఆగాడు.

"టీచర్, నా బ్యాగు..."

"గుహలో బ్యాగులుండవు. నడు!"

వాడు బిక్కమొహం వేసుకుని కదిలాడు.

అందరి వెనకా తను దిగింది. పెరట్లో ఒక్కొక్క తల మీదా చెయ్యేసి లెక్కపెట్టింది. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టింది. అప్పుడు మట్టిలోనే కూలబడింది.

"మేమే గెలిచాం!" పిల్లలు గంతులేశారు.

"ఆటకి మరీ ఇంత కంగారేంటమ్మా?" అని నవ్వాడు అధికారి, నడుం పట్టుకుని నిటారుగా లేస్తూ.

ఆమె చెయ్యెత్తి పైకి చూపించింది. ఇప్పటిదాకా వాళ్లు కూర్చున్న గది కిటికీల్లోంచి మంటలు ఎగదన్నుతున్నాయి.